ఋక్షబిలమున అంగదుడు

శ్రీమద్రామాయణమున సుందరకాండమును నిత్యపారాయణ చేయు గృహములు మన దేశమున లెక్కకు మిక్కిలి. కిష్కింధాకాండ చివరి సర్గలను అంత శ్రద్ధతో చదువువారు తక్కువ. హనుమంతుడు మహేంద్రగిరి నెక్కువరకు జరిగిన కథ యంతయు త్రోవలోని మజిలీ వంటిదని పలువురి భావము. నేనును చాలకాలము అట్లే తలచితిని. కాని ఆ మజిలీలో ఒక చిన్నవాడు నేలపై పడి ఏడ్చుచున్నాడు. అతడు వాలిపుత్రుడైన అంగదుడు. అతని దుఃఖమున ఒక ధర్మసందేహము దాగి ఉన్నది. దానిని నాకు మొదట చూపినది పండితులు కారు, అక్షరము రాని ఒక వృద్ధురాలు.

నా బాల్యమున మా ఊరి కోదండరామస్వామి ఆలయమున రాత్రిపూట పురాణ కాలక్షేపము జరుగుచుండెడిది. స్వయంప్రభ కథ చెప్పిన రాత్రి పౌరాణికుడు పుస్తకము మూయబోవుచుండగా, స్తంభము చెంత కూర్చున్న ఆ వృద్ధురాలు అడిగెను. "స్వామీ, దాహమేసి గుహలోకి పోయారు. దారి తెలియక చిక్కుకున్నారు. ఆ పిల్లాడిది తప్పేముంది? తప్పు లేనప్పుడు ఆ గడువు వాడికెందుకు పట్టాలి?" పౌరాణికుడు నవ్వి, "మంచి మాట అడిగావమ్మా, రేపు చెప్పుకుందాము" అనెను. మరునాడు ఆయన సంపాతి కథలోనికి పోయెను. ప్రశ్న అక్కడనే ఉండిపోయినది.

కథను ముందుగా ఒకసారి స్మరించుకొందము.

సీతాదేవిని వెదకుటకై సుగ్రీవుడు నాలుగు దిక్కులకు వానరసేనలను పంపెను. తూర్పునకు వినతుడు, పడమరకు సుషేణుడు, ఉత్తరమునకు శతబలి పోయిరి. దక్షిణమునకు పోయిన వారిలో హనుమంతుడు, జాంబవంతుడు, నీలుడు మొదలగు మహావీరులు ఉన్నను నాయకత్వము యువరాజైన అంగదునకు ఇచ్చెను. గడువు ఒక మాసము. ఆ గడువు దాటి నిలిచినవానికి మరణదండన యని సుగ్రీవుని ఆజ్ఞ. అంగుళీయకము మాత్రము శ్రీరామచంద్రుడు హనుమంతుని చేతి కిచ్చెను. అనగా అంగదుని చేత ఉన్నది ఆజ్ఞ, హనుమంతుని చేత ఉన్నది ఆనవాలు. ఈ భేదము చిన్నది కాదు, మున్ముందు అక్కరకు వచ్చును.

అంగదుని వయస్సెంతయో వాల్మీకి చెప్పలేదు. కాని ప్రాణములు విడుచుచు వాలి శ్రీరామునితో తన కుమారుని గూర్చి చెప్పిన మాటలలో, ఆ బిడ్డ ఇంకను బాలుడనియు, బుద్ధి పరిపక్వము కాలేదనియు, తనకు ఒక్కడే కొడుకనియు ఉన్నది. తరువాత అంగదునే దగ్గరకు పిలిచి, దేశకాలముల నెరిగి నడువుమనియు, ప్రియమైనను అప్రియమైనను ఓర్చుకొనుమనియు, సుగ్రీవుని చెప్పుచేతలలో ఉండుమనియు, ఎవనితోను అతిస్నేహము గాని స్నేహరాహిత్యము గాని వద్దనియు బోధించెను. తండ్రి చితి చల్లారి వానకాలమొకటి గడిచినదో లేదో, ఆ కుర్రవాడు దక్షిణ దిశకు సేన నడుపుచున్నాడు. తన తండ్రి మరణమును కోరిన పినతండ్రి ఆజ్ఞను శిరసావహించి, తన తండ్రిని కొట్టిన బాణము ఎవరిదో ఆయన భార్యను వెదకుచున్నాడు. ఈ స్థితిని ఒక్క నిమిషము తలచుకొనినచో, తరువాత అతడు పలికిన కఠినవాక్యములకు మనము తొందరపడి దోషము పట్టజాలము.

వింధ్యాటవులలో వారి తిరుగుట దుస్సహమైనది. పదియేండ్ల కుమారుని పోగొట్టుకొనిన కండుమహర్షి కోపముచే శపింపబడి, నీరును ఫలమును లేక పాడైన అరణ్యము నొకదానిని వారు దాటవలసి వచ్చెను. ఆ ప్రాంతముననే ఒక అసురుడు మీదికి రాగా, ఇతడే రావణుడు గాబోలునని అంగదుడు అరచేతితో కొట్టెను. ఆ ఒక్క దెబ్బకే వాడు నెత్తురు గ్రక్కి పడిపోయెను. బలమునకు లోటు లేదని చెప్పుటకే మహర్షి ఈ సంఘటన నిచట ఉంచెనేమో. అంగదునకు లోపించినది బలము కాదు. సేన అలసి కూలబడినప్పుడు, కాలము గడచుచున్నది, నిద్రను బడలికను విడువుడని ప్రోత్సహించినవాడు కూడ అతడే. ఇంతవరకు అతడు ఉత్తమనాయకుడు.

అటుపిమ్మట దాహము. ఒక బిలద్వారమునుండి హంసలు, క్రౌంచములు, చక్రవాకములు తడిసిన రెక్కలతో, తామరపుప్పొడి అంటిన మేనులతో వెలికి వచ్చుచుండగా చూచి, లోపల నీరుండునని హనుమంతుడు ఊహించెను. అదియే ఋక్షబిలము. ఒకరి చేయి ఒకరు పట్టుకొని, యోజనము పొడవున కటికచీకటిలో నడచి, ప్రాణములపై ఆశ వదలుకొనిన తరుణమున వెలుగు కనబడెను. బంగారు చెట్లు, మణులు తాపిన సౌధములు, నిర్మలజలముల సరస్సులు, తీయని ఫలములు, మధువు. మయుడను దానవశిల్పి తన మాయచే నిర్మించిన లోకమది. సూర్యుడు లేని వెలుగు అక్కడిది.

అంతటి బంగారము నడుమ నారచీరయు కృష్ణాజినమును ధరించి కూర్చున్న ఒక తాపసి. ఆమెయే మేరుసావర్ణి కుమార్తె స్వయంప్రభ. మయుడు హేమ అను అప్సరసయందు ఆసక్తుడై ఇంద్రుని వజ్రమునకు గురియయ్యెననియు, బ్రహ్మ ఆ వనమును హేమ కిచ్చెననియు, నృత్యగీతములలో నేర్పరియైన హేమ తనకు ప్రియసఖి కనుక ఆమె యింటిని తాను కాపాడుచున్నాననియు ఆమె చెప్పెను.

ఈ ఘట్టమును చదువునప్పుడెల్ల నా మనస్సు స్వయంప్రభ దగ్గర ఆగిపోవును. పాఠకులు క్షమింతురు గాక, నేనిచట కొంచెము నిలిచెదను. మాయాలోకములో చిక్కుకొనినవాని ధర్మమేమి యని మనము అడుగుచున్నాము గదా. ఆ లోకముననే నివసించుచు దానికి చిక్కనిదాని నొకతెను వాల్మీకి మన కెదురుగా కూర్చుండబెట్టినాడు. ఆమె ఆ బంగారమును త్యజించి పారిపోలేదు. అట్లని తాను తొడుగుకొనలేదు. అది తనది కాదు. స్నేహితురాలు ఒప్పగించిన ఇల్లు. ఒప్పగించిన సొత్తును కాపాడుట తన పని, అనుభవించుట కాదు. ఆకలిగొని వచ్చినవారికి అందులోనుండి అన్నము పెట్టుటకు మాత్రము ఆమెకు సందేహము కలుగలేదు. దేవస్థానపు సొత్తుకు ధర్మకర్తలు, అనాథ బిడ్డల ఆస్తికి పెద్దలు, పొరుగువారు ఊరికి పోవుచు ఇచ్చిన తాళపుచెవికి మన గృహిణులు, అందరును ఆ నారచీరను ఒకసారి తలచుకొనదగినవారే.

ఆకలి తీరిన పిదప, తల్లీ, మా ప్రాణములు నిలిపితివి, నీకు ప్రత్యుపకార మేమి చేయుదుమని హనుమంతుడు అడుగగా, ధర్మమున నడచుకొను నాకు ఎవరివలనను కావలసిన దేమియు లేదని ఆమె బదులు చెప్పెను. అప్పుడు హనుమంతుడు అసలు మాట బయటపెట్టెను. సుగ్రీవుడు పెట్టిన గడువు ఈ బిలములో తిరుగుచుండగనే దాటిపోయినది, చేయవలసిన కార్యము మిగిలియున్నది, మమ్ము దాటింపుమని వేడుకొనెను. ఇచటికి వచ్చినవాడు ప్రాణములతో మరలుట కష్టము, ఐనను తపోబలముచే దాటింతును, కన్నులు మూసికొనుడని ఆమె ఆదేశించెను. వారందరు చేతులతో కన్నులు మూసికొనిరి. రెప్పపాటులో సముద్రపుటొడ్డున ఉండిరి. ఇది వింధ్యము, ఇది ప్రస్రవణగిరి, ఇది మహాసముద్రము, మీకు శుభమగు గాక యని చెప్పి ఆమె తిరిగి తన కావలికి పోయెను. తెరచిన కన్నులకు దొరకని ద్వారము మూసిన కన్నులకు దొరకినది. తన ఉపాయము తీరిపోయినదని ఒప్పుకొనుటయే శరణాగతికి తొలిమెట్టని పెద్దలు చెప్పుట ఇచట గుర్తుకు వచ్చును.

మరియొక విశేషము. బిలములో ఉన్నంతసేపును అంగదుడు పలికిన మాట ఒక్కటియు మహర్షి వ్రాయలేదు. నాయకుడు అతడు, మాటలాడినవాడు హనుమంతుడు. బంగారుచెట్ల క్రింద ఆ చిన్నవాడు ఏమి తలచుచుండెనో మనకు తెలియదు. వెలుపలికి వచ్చిన తరువాతనే అతని మనస్సు తెలిసినది.

ఇట్టి లోకములలో కాలము వేరుగా నడచుట మన పురాణములకు క్రొత్త కాదు. శ్రీమద్భాగవతము నవమస్కంధమున రైవత కకుద్మి తన కుమార్తె రేవతికి వరుని గూర్చి అడుగుటకై బ్రహ్మలోకమునకు పోయి, గంధర్వగానము ముగియువరకు క్షణకాలము వేచియుండెను. ఆ క్షణములో భూలోకమున ఇరువదియేడు చతుర్యుగములు గడిచెను. తలచుకొనిన వరులెవ్వరును లేరు, వారి మనుమల పేర్లు కూడ వినబడలేదు. మన తెలుగువారికి ప్రియమైన మనుచరిత్రలో ప్రవరుడు సిద్ధుడిచ్చిన పాదలేపము మంచునకు కరగిపోగా హిమాలయమున చిక్కుకొనెను. ఎదుట వరూధిని ఉన్నను అతని దృష్టి అంతయు ఇంటనున్న అగ్నులపైనను, తలిదండ్రులపైనను ఉన్నది. ప్రవరుని మనము కొనియాడుదుము, కొనియాడవలసినదే. కాని అతడు ఒంటరి. అతని నియమము అతనితోనే. అంగదుని వెనుక ఒక సేన ఉన్నది, ప్రతి వానరునకు కిష్కింధలో భార్యాబిడ్డలు ఉన్నారు, లంకలో ఒక తల్లి ఎదురుచూచుచున్నది. ప్రవరునకు ఇల్లు చేరినచో కార్యము ముగిసినట్లే. అంగదునకు బిలమునుండి బయటపడుటతో అసలు కార్యము మొదలైనది.

సముద్రతీరమున వసంతకాలపు పూలు పూచిన చెట్లను చూచి వానరులు నేలగూలిరి. ఎన్నినాళ్లు గడిచినవో లెక్కగట్టు వాదములలోనికి మనము పోనక్కరలేదు. గడువు దాటినదని చెట్లే చెప్పినవి. అప్పుడు అంగదుడు నోరు విప్పెను. సుగ్రీవుడు స్వభావముచే కఠినుడు. నన్ను యువరాజుగ చేసినది అతడు కాదు, శ్రీరాముడు. నామీద అతనికి పాతపగ ఉన్నది, ఈ నెపము దొరకినచో విడువడు. బంధువుల కన్నుల యెదుట చచ్చుటకంటె ఈ పుణ్యమైన ఒడ్డుననే ప్రాయోపవేశము చేయుదునని పలికెను.

అప్పుడు తారుడను సేనాపతి ఒక ఉపాయము చెప్పెను. అంగదుని తల్లి తార కాదు, ఇతడు వేరు. మరల ఆ బిలములోనికే పోదము, అక్కడ అన్నమున్నది, నీరున్నది, ఇంద్రుని భయము గాని రాముని భయము గాని లేదు, హాయిగ ఉందమని ఆతడు చెప్పగా వానరులందరు సరేననిరి. అంగదుని మొగ్గు కూడ అటే ఉండెను.

ఇచట గమనింపదగినది ఇది. దాహముతో లోనికి పోయినప్పుడు ఋక్షబిలము వారికి ప్రాణదాత. అందులో దోషము లేదు. వెలుపల భయము కలిగినప్పుడు అదే బిలము ఆశ్రయముగ తోచెను. దోషము మొదలైనది ఇక్కడ. చోటు మారలేదు, బంగారుచెట్లు మారలేదు. మొదట పోయినది నీటికొరకు, ఇప్పుడు పోదలచినది ముఖము దాచుకొనుటకు. మొదటిదానికి ఎవ్వరును సంజాయిషీ చెప్పనక్కరలేదు.

హనుమంతుడు ఈ మాటలను విని ఊరకుండలేదు. ఇతడు ఇచటనే వేరు రాజ్యమును స్థాపించునట్లున్నాడని గ్రహించెను. ముందు వానరుల మనస్సులను వేరుచేసి, పిదప అంగదునితో స్పష్టముగ మాటలాడెను. వీరు భార్యాబిడ్డలను తలచుకొని ఒకనాడు నిన్ను విడిచిపోదురు. జాంబవంతుడు, నీలుడు, నేను నీ వెంట రాము. లక్ష్మణుని బాణములు ఆ గుహను ఆకుదొప్పను చీల్చినట్లు చీల్చును. అప్పుడు గడ్డిపోచ కదలినను నీవు ఉలికిపడుచు బ్రతుకవలసి వచ్చును. సుగ్రీవుడు నీ తల్లి ప్రీతిని కోరువాడు, అతనికి నీవు తప్ప వేరు సంతానము లేదు, తిరిగి పోదము రమ్మని చెప్పెను.

దీనికి అంగదుడిచ్చిన బదులు అత్యంత కఠినమైనది. అన్న భార్యను చేపట్టినవానికి ధర్మమేమిటి, యుద్ధసమయమున అన్న ద్వారముకడ కావలి ఉంచిపోగా ఆ బిలమునకు బండ అడ్డుపెట్టినవానికి ధర్మమేమిటి యని నిలదీసెను. ఇది చదివి ఉలికిపడనివారుండరు. అంగదుని నోట రెండవ గుహ వచ్చినది.

ఆ కథ పాఠకులకు తెలిసినదే. మాయావి యను అసురుని వెంబడించి వాలి ఒక బిలములో దూరెను. సుగ్రీవుడు ద్వారముకడ సంవత్సరకాలము వేచియుండెను. నురుగుతో కూడిన నెత్తురు వెలికి రాగా, అన్న మరణించెనని తలచి, కొండవంటి బండతో ద్వారము మూసి కిష్కింధకు మరలెను. వాలి బ్రతికి వచ్చి, తమ్ముని మాట వినకనే కట్టుబట్టలతో వెడలగొట్టెను. ఉత్తరకాండమున మయుడు రావణునితో తన సంసారమును గూర్చి చెప్పునప్పుడు, హేమ తన భార్యయనియు, మండోదరి తమ కుమార్తెయనియు, మాయావి దుందుభులు తమ కుమారులనియు చెప్పును. (మయుని అంతమును గూర్చి రెండు కాండములు ఒక్కరీతిగ చెప్పవు. దానిని విద్వాంసులకు విడుతము.) ఆ లెక్కన వానరులు దాహము తీర్చుకొనిన ఇల్లు రావణుని అత్తగారి ఇల్లు. వాలిని మొదటి బిలములోనికి లాగికొని పోయినవాడు ఆ యింటి బిడ్డ. అంగదుని తండ్రి కాలమున ఒక బిలము అన్నదమ్ముల నడుమ పగ నాటెను. ఇప్పుడు కొడుకు మరియొక బిలమునుండి ఆలస్యముగ వెలికివచ్చి నిలిచియున్నాడు.

అంగదుని భయమునకు మూలము నాకిక్కడ కనబడును. గడువు దాటిన సుగ్రీవుని మాటను వాలి వినలేదు. సంవత్సరము వేచితినని చెప్పినను వినలేదు. తన ఇంట పెద్దలు తీర్పు చెప్పు తీరు అదియేనని ఎరిగిన కుమారుడు, రేపు తన మాటను సుగ్రీవుడును వినడని నిశ్చయించుకొనెను. అనగా అతడు సుగ్రీవుని సుగ్రీవుని కొలతతో కొలవలేదు, తన తండ్రి కొలతతో కొలిచెను. సుగ్రీవునిపై అతడు మోపిన నిందలలో సత్యము లేదని నేననను. కొంత ఉన్నది. హనుమంతుడు కూడ ఒక్కొక్క నిందను తీసికొని ఖండింపలేదు. కాని పెద్దవాని యందు దోషమున్నంతమాత్రమున చిన్నవాని కార్యము తీరిపోవునా?

వృద్ధురాలి ప్రశ్నకు ఇప్పుడు వచ్చుచున్నాను. తప్పు లేనివానికి గడువెందుకు పట్టవలెనని ఆమె అడిగినది. తప్పు వేరు, బాధ్యత వేరు అని నా బుద్ధికి తోచుచున్నది. దాహమై గుహలో దూరి దారి తప్పుట అంగదుని తప్పు కాదు. దానికి దండన విధించినచో అది అన్యాయమే. కాని తప్పు లేదన్న మాట అతనిని దండననుండి మాత్రమే విడిపించును, కార్యమునుండి విడిపింపదు. గడువు సుగ్రీవుడు పెట్టినది. కార్యము శ్రీరామునిది. గడువు దాటగానే కార్యము కూడ దాటిపోయినదని ఆ చిన్నవాడు భ్రమించెను. అశోకవనమున కూర్చున్న సీతమ్మకు సుగ్రీవుని మాసము లెక్కలోనిది కాదు. ఆమెకు ఎవరో ఒకరు రావలెను, అంతే. అంగదుని చేత ఆజ్ఞయు హనుమంతుని చేత ఆనవాలును ఉన్నవని మొదట చెప్పితిని. ఆజ్ఞకు కాలము తీరును. అంగుళీయకమునకు తీరదు.

ప్రాయోపవేశమును మన శాస్త్రములు తెలిసినవే, దానిని నేను తేలికగ మాటలాడను. ఐనను అంగదుడు దర్భలపై పరుండుట ఋక్షబిలములోనికి మరల పోవుటకు ఎంతో దూరము కాదు. ఒకటి సుఖమున దాగుట, మరియొకటి మృత్యువున దాగుట. రెంటియందును లంకవైపు వేసిన అడుగు ఒక్కటియు లేదు. పినతండ్రికి కుశలము చెప్పుడు, మా తల్లి తారను ఓదార్చుడు, నేను లేనని వినినచో ఆమె బ్రతుకదని తోడివారికి చెప్పుచు ఏడ్చినవాడు, తాను బ్రతికి వచ్చినచో ఆమె కోరునది మరేమియు లేదని తలచలేదు.

ఆ వృద్ధురాలి సంగతి పెద్దవాడనైన తరువాత మా ఇంటివారు చెప్పగా వింటిని. ఆమె కుమారుడు సంపాదనకై రంగూను పోయినవాడు. మా తీరప్రాంతమునుండి ఆ కాలమున ఎందరో అట్లు పోయిరి. ఇంటిమీద అప్పు తీర్చుటకు ఇన్నాళ్లలో సొమ్ముతో వత్తునని తల్లికి మాట యిచ్చి ఓడ యెక్కెను. 1942లో బర్మాలో యుద్ధము ముంచుకొని వచ్చి, మనవారు వేలకొలది అడవిదారుల నడచి తరలివచ్చిరి. అతడును ప్రాణములతో ఈ దేశము చేరెనట. చేతిలో సొమ్ము లేదు, చెప్పిన గడువు దాటిపోయెను, ఇల్లు అప్పులవారి పాలయ్యెను. ముఖము చెల్లక ఎక్కడనో నిలిచిపోయెను. చూచినవారు ఎవరో వచ్చి చెప్పిరి, అతడు మాత్రము రాలేదు. ఆ తల్లి అంగదుని పేరిట అడిగినది ఎవరిని గూర్చియో అప్పుడు నాకు తెలిసినది. అతని యందు తప్పేమున్నది? ఏమియు లేదు. కాని ఆమె కోరినది తప్పొప్పుల తీర్పు కాదు.

దర్భలను దక్షిణాగ్రములుగ పరచి, తూర్పుముఖముగ కూర్చుండి, వానరులు రామకథను చెప్పుకొనుచు ఏడ్చుచుండిరి. కొండగుహలోనుండి వెలికి వచ్చిన సంపాతి, రెక్కలు కాలిన వృద్ధగృధ్రము, ఒక్కొక్కరు చచ్చుచుండగా ఒక్కొక్కరిని తిందునని సంతోషించెను. ఆ మాట వినిన అంగదుడు హనుమంతునితో జటాయువును గూర్చి పలికెను. ఆ గృధ్రరాజు ధన్యుడు, రామునికొరకు పోరాడి ప్రాణములు విడిచెను, పరమగతిని పొందెను, అతనికి సుగ్రీవుని భయము లేదు అని.

ఈ మాటలు పలికినవాడు వాటి అర్థమును ఆ క్షణమున తాను గ్రహించెనో లేదో. లెక్క చూచినచో జటాయువు ఏమి సాధించెను? సీతను విడిపింపలేదు. రావణుని ఆపలేదు. ఆకాశమునుండి రెక్కలు తెగి నేల వ్రాలెను. ఫలమును బట్టి తూచినచో అతని ప్రయత్నము విఫలము. ఐనను శ్రీరామచంద్రుడు తన చేతులతో దహనసంస్కారము చేసి పుణ్యలోకములకు పంపెను. విఫలుడైన జటాయువును ధన్యుడనుచు, విఫలుడనైతినని తాను చావబోవుచున్నాడు అంగదుడు. జటాయువు రథమున కడ్డుపడి చచ్చెను, సముద్రపుటొడ్డున దర్భలపై పరుండి కాదు. ఆ భేదము అతని నోటనే ఉన్నది, చెవికి ఇంకను చేరలేదు.

తమ్ముని పేరు వినిన సంపాతి, నన్ను క్రిందికి దింపుడని వేడుకొనెను. చావ నిశ్చయించి పరుండిన అంగదుడే లేచి పోయి, ఆ పక్షిని కొండమీదనుండి దింపి, కథ యంతయు చెప్పెను. ఒకరి దుఃఖము వినుటకై అతడు లేచిన ఆ లేచుటతోనే ప్రాయోపవేశము ముగిసినదని నేనెంచుకొందును. పిదప సంగతులు ప్రసిద్ధములు. నూరుయోజనముల అవతల లంకలో జానకి ఉన్నదని సంపాతి చెప్పెను. నిశాకరముని పూర్వము పలికినట్లు అతనికి క్రొత్తరెక్కలు మొలిచెను. బిలమున దారి తప్పనిదే ఈ ఒడ్డునకు రారు గదా, సంపాతి దొరకడు గదా, ఆలస్యమంతయు దైవసంకల్పమే యని కొందరు సమాధానపడుదురు. అది నిజమే కావచ్చును. ఐనను దానిని ముందుంచుకొని మాటలాడుట నాకంత రుచింపదు. దర్భలపై ఉన్న అంగదునకు అది తెలియదు. ఎవరికిని ముందుగ తెలియదు.

సముద్రమును చూచి సేన మరల క్రుంగినప్పుడు, విషాదమునకు లోబడవలదు, అది కోపించిన సర్పము పసిబిడ్డను చంపినట్లు చంపునని ధైర్యము చెప్పినవాడు అంగదుడే. ఎవరెంత దూరము దుముకగలరని అడిగినవాడును అతడే. నూరుయోజనములు తాను పోగలననియు, తిరిగి వచ్చుటయే సందేహమనియు దాచక చెప్పెను. తొలినాటి అంగదుడు ఈ మాట అనియుండడు. పోవుటకంటె మరలి వచ్చుట కష్టమని ఋక్షబిలమున నేర్చుకొనిన మాట అది. జాంబవంతుడు నాయకుడైన అతనిని పంపక హనుమంతుని లేపెను. యువరాజు దానికి చిన్నబుచ్చుకొనలేదు.

హనుమంతుడు సీతను చూచి వచ్చిన తరువాత వానరులు మధువనమున పడి తేనె త్రాగిరి. అనుమతి యిచ్చినవాడు అంగదుడు. కావలివాడైన దధిముఖుడు దెబ్బలు తిని, సుగ్రీవుని పాదములపై పడి మొరపెట్టెను. పెద్దలకు కోపము రావలసినచో ఇదిగో సమయము. గడువు దాటివచ్చిరి, రాకముందే రాజుగారి తోటను పాడుచేసిరి. సుగ్రీవుడేమి చేసెను? కార్యము సాధింపనిదే నావారు ఇట్లు చేయరు, సీత కనబడినది, వారిని వెంటనే పంపుమని దధిముఖునే తిరిగి పంపెను. ఆకాశమున కిలకిలారావము వినబడగానే ఆయన తోక సంతోషముతో నిగిడి పైకి లేచెనని వాల్మీకి వ్రాసెను. అంగదుడు ముందును హనుమంతుడును ఉండగా వానరులు దిగివచ్చిరి. ఎన్నినాళ్లాయెనని అంగదుని నిలదీసినవారు లేరు.

మా ఊరి ఆలయమున మధువనఘట్టము చదివిన రాత్రి ఆ వృద్ధురాలు వచ్చి తన స్తంభము చెంతనే కూర్చుండెను. సుగ్రీవుని తోక సంగతి రాగానే పిల్లలమందరము నవ్వితిమి. ఆమెయు నవ్వెను. హారతి అయి, ప్రసాదము పంచి, దీపములు తగ్గించినను ఆమె లేవలేదు. పౌరాణికుడు దగ్గరకు పోయి ఏదియో చెప్పెను. మాకు వినబడలేదు.